వారానికో పాత సినిమా... కూర్చుని చూద్దాం!

"మాయాబజార్ చూశారా?" అని మీ ఇరుగుపొరుగు వాళ్లనెవర్నయినా అడిగి చూడండి. "అదేం ప్రశ్నండీ, ఎన్నిసార్లు చూశామో లెక్కేలేదు!" అంటారు. వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యండి. "పేర్లు పడ్డ దగ్గర్నుంచి 'శుభం' పడేదాకా మధ్యలో లేవకుండా ఎప్పుడు చూశారు?" అని. చాలామంది ఠక్కున జవాబు చెప్పలేరు.

మన తప్పేం లేదు లెండి. ఇల్లాలు సినిమా చూసే తీరే అంత. కుక్కరు పెట్టి వచ్చి కాసేపు, అమ్మాయికి జడ వేస్తూ కాసేపు, ప్రకటనలొచ్చినప్పుడు బట్టలారేసి వచ్చి ఇంకాసేపు. ఘటోత్కచుడు లడ్డూలు మింగే సీను అందరికీ గుర్తే. అసలు శశిరేఖ పెళ్లి సంబంధం ఎందుకు తప్పిపోయింది? ఆ సీను వచ్చేసరికి మనం వంటింట్లో ఉంటాం.

అందుకే ఈ వారం మీకో పంతం గురించి చెప్పాలనుకుంటున్నాను. శ్రావణ శుక్రవారాలు, కార్తీక సోమవారాలు మనకు కొత్త కాదు. నెలలో మూడు కిలోలు తగ్గాలనీ, చీటీ పాడి గొలుసు చేయించుకోవాలనీ పట్టే పంతాలూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఇంటి క్షేమం కోసం, కొన్ని ఒంటి కోసం. మన మనసు కోసం, మన మూడు గంటల కోసం ఒక్క పంతం పడితే ఎలా ఉంటుంది?

నేను కిందటి శ్రావణంలో మొదలుపెట్టాను. వారానికో పాత తెలుగు సినిమా. శనివారం రాత్రి భోజనాలయ్యాక. నియమాలు రెండే రెండు. సినిమా మొదటినుంచి చివరిదాకా చూడాలి. చేతిలో ఏ పనీ ఉండకూడదు.

మొదటి నియమం తేలికే. రెండోదే కష్టం! చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యకుండా, ఉతికిన బట్టలు మడతపెట్టకుండా ఊరికే కూర్చోవడం మనకెవరికీ అలవాటు లేదు. ఇంట్లో ఆడది ఊరికే కూర్చుంటే చూసేవాళ్లకూ ఏదోలా ఉంటుంది. "ఒంట్లో బాగాలేదా?" అని మావారు మొదటి శనివారమే అడిగారు. నాలుగో శనివారానికి అడగడం మానేశారు. ఎనిమిదో శనివారానికి ఆయనే మంచినీళ్ల చెంబు తెచ్చుకోవడం నేర్చుకున్నారు. పంతం వల్ల కలిగిన మొదటి లాభం అదేననుకోండి!

తెలిసిన కథలో తెలియని సంగతి

'మాయాబజార్' 1957లో వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు. పాండవుల కుటుంబం కథే అయినా తెరమీద పాండవులు ఒక్కసారి కూడా కనబడరు. సినిమాను ఎన్నోసార్లు చూశామనుకునేవాళ్లు కూడా ఈ మాట చెప్పగానే "అవునా!" అని ఆశ్చర్యపోతారు.

తీరిగ్గా కూర్చుని చూస్తే నాకు అది మాయల కథ కంటే మన ఇళ్లల్లో జరిగే కథలాగే తోచింది. చిన్నప్పుడు అన్నగారు చెల్లెలికి మాటిచ్చాడు, మా పిల్లను మీ పిల్లాడికే ఇస్తామని. చెల్లెలి కాపురం చితికిపోయింది, రాజ్యం పోయింది. అంతే, అన్నా వదినల మాట మారిపోయింది. డబ్బున్న సంబంధం వెతుక్కున్నారు. సుభద్ర పుట్టింటికి వచ్చి మాట గుర్తుచేసినప్పుడు ఋష్యేంద్రమణి ముఖం చూడండి. ఆస్తి కరిగిపోయాక పుట్టింటి గడపలో నిలబడ్డ ఆడపడుచు ముఖం అది. ఇందులో మాయేం లేదు!

ఇక సావిత్రిగారి సంగతి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో మేడ మీద చేరిన దగ్గర్నుంచి ఆవిడ ఆడపిల్ల ఒంట్లో దూరిన మగ రాక్షసుణ్ణి నటించాలి. నడక మారిపోతుంది, కూర్చునే తీరు మారిపోతుంది, పక్కన ఎవరైనా ఉన్నారనగానే మళ్లీ సిగ్గు ముంచుకొస్తుంది. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు రేలంగి కాలు తొక్కేటప్పుడు ఆ రెండూ ఒక్కసారే కనబడతాయి. పని చేసుకుంటూ చెవితో వింటే ఇదంతా ఎక్కడ తెలుస్తుంది? పడవ పాటలో మనం మురిసిపోయే వెన్నెల కూడా నిజం వెన్నెల కాదు. కెమెరామన్ మార్కస్ బార్ట్లే సృష్టించిన వెలుగు అది.

'మిస్సమ్మ' (1955) అనగానే మనకు పాటలు గుర్తొస్తాయి. కథను ఈసారి మేరీ వైపునుంచి చూడండి. బి.ఏ. చదివిన అమ్మాయి. ఇంటి మీద అప్పు. అప్పిచ్చినవాడు అది అడ్డం పెట్టుకుని పెళ్లి చేసుకోమని వెంటపడుతుంటాడు. దొరికిన ఉద్యోగానికేమో భార్యాభర్తలై ఉండాలన్న షరతు. అందుకే ముక్కూమొహం తెలియని నిరుద్యోగితో కలిసి కాపురం నాటకం ఆడాల్సి వస్తుంది. హాస్యం పైపైన, ఇబ్బంది లోపల. ఒంటరి ఆడపిల్లకు ఇల్లు అద్దెకివ్వడానికి ఇవాళ్టికీ నసిగే ఊళ్లు మనవి. ఆ షరతు పాతబడిందని ఎవరనగలరు?

ఇంకో విశేషం. మేరీ వేషానికి మొదట అనుకున్నది భానుమతిగారిని. ఆవిడ తప్పుకోవడంతో ఆ పాత్ర సావిత్రిగారికి వచ్చింది. సావిత్రిగారికి అనుకున్న పాత్ర జమునగారికి దక్కింది. ముగ్గురు నటీమణుల దారుల్ని ఒక్క సినిమా అలా మలుపు తిప్పింది.

మా అత్తయ్య చెప్పిన మాట

రెండు నెలలయ్యేసరికి మా అత్తయ్య కూడా శనివారాలు నా పక్కన చేరారు. ఒకసారి 'పెళ్లి చేసి చూడు' పెట్టుకున్నాం. ఎల్.వి. ప్రసాద్ తీసిన 1952 నాటి సినిమా. ఎన్.టి. రామారావు, జి. వరలక్ష్మి, ఎస్.వి. రంగారావు, సావిత్రి... అందరూ ఉన్నారు. కట్నం మీద తీసిన హాస్య చిత్రం. కట్నం డబ్బు చేతిలో పడలేదని మగపెళ్లివారి పెద్ద కొడుకుని పెళ్లిపందిట్లోంచి లేవదీసుకుపోతాడు. నేను నవ్వుతున్నాను. పక్కన అలికిడి లేదు. చూస్తే అత్తయ్య కళ్లు తుడుచుకుంటున్నారు.

"మా పెద్దక్కకీ ఇలాగే అయిందమ్మాయ్" అన్నారు. "సైకిలు ఇచ్చాం, వాచీ ఇచ్చాం. రేడియో ఇవ్వలేదని పీటల మీంచి లేచి వెళ్లిపోయారు. మళ్లీ సంబంధం కుదరడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ అక్క వీధి గుమ్మం దాటలేదు. ఈ సినిమా మా ఊరి టూరింగు టాకీసుకి వచ్చినప్పుడు ఊరు ఊరంతా వెళ్లి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. మా ఇంట్లోంచి మాత్రం ఎవ్వరం వెళ్లలేదు."

పద్నాలుగేళ్లుగా ఇద్దరం ఒకే వంటింట్లో తిరుగుతున్నాం. ఆ పెద్దక్కగారి చేతి ఊరగాయ తిన్నాను, ఆవిడ పెట్టిన చీర కట్టుకున్నాను. ఈ సంగతి మాత్రం నాకెప్పుడూ తెలియదు. చెప్పడానికి అత్తయ్యకూ సందర్భం రాలేదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, అంటే ఈ సినిమా వచ్చిన తొమ్మిదేళ్లకు. పెద్దక్కగారి పెళ్లి చట్టం వచ్చిన తర్వాతి మాటే!

ఆ రాత్రి సినిమా ఆపి ఒంటిగంట దాకా కబుర్లు చెప్పుకున్నాం. మిగతా సగం మర్నాడు చూశాం. అప్పట్నుంచి ఏ సినిమా పెట్టినా అత్తయ్యకో జ్ఞాపకం లేచి వస్తుంది. ఏ డేరాలో చూశారో, నేల టిక్కెట్టు ఎంతో, చంకలో బిడ్డ ఏడిస్తే ఎవరు బయటికి తీసుకెళ్లారో. ఈ సినిమాలను తెరమీద చూసిన ఆడవాళ్లు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చుని చూసే అవకాశం మన తరానికి ఉంది. మన పిల్లలకు ఉండదు.

తెరమీద పేర్లు చదవండి

సినిమా మొదట్లో పేర్లు పడుతుంటే మనం సాధారణంగా దిండు సర్దుకుంటూ ఉంటాం. ఈసారి చదవండి. హీరోయిన్ల పేర్లు మాత్రమే కాదు, తీసినవాళ్లలో, రాసినవాళ్లలో ఎన్ని ఆడపేర్లు ఉన్నాయో తెలుస్తుంది.

'మనదేశం' (1949) ఎన్.టి. రామారావు మొదటి సినిమా అని అందరికీ తెలుసు. దాన్ని నిర్మించింది నటి, గాయని సి. కృష్ణవేణి. కథకు ఆధారం శరత్‌బాబు బెంగాలీ నవల. ఆవిడ నూరేళ్లు నిండు జీవితం గడిపి 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. భానుమతిగారు 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు, అదీ తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. నటన, పాట, స్టూడియో పనుల మధ్య 'అత్తగారి కథలు' రాసింది కూడా ఆవిడే. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కథలు రాసుకునే నాలాంటి వాళ్లకు ఇది చిన్న ధైర్యం కాదు!

సావిత్రిగారి జీవితం మీద 2018లో వచ్చిన 'మహానటి' చూసి మనమంతా ఏడ్చాం. ఆవిడ దర్శకత్వం వహించిన 'చిన్నారి పాపలు' (1968) చూసినవాళ్లు ఎందరున్నారు? సంగీతం గాయని పి. లీలగారిది. విజయనిర్మలగారు తెలుగులో తొలిసారి దర్శకత్వం వహించిన 'మీనా' (1973) యద్దనపూడి సులోచనారాణి నవల. మొత్తం 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కారావిడ. అక్కినేని నటించిన 'డాక్టర్ చక్రవర్తి' (1964) కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం'. ఆ రోజుల్లో వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన మన అమ్మలూ, అమ్మమ్మలే ఆ సినిమా హాళ్లు నింపారు.

చూద్దామన్నా దొరకని సినిమాలూ ఉన్నాయి. మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. అందులో లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి. ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు. ఆవిడ ఎలా నటించిందో చూసే భాగ్యం మనకెవరికీ లేదు. ఉన్నవాటినైనా చూసుకోవద్దూ?

నచ్చనివీ ఉంటాయి

పాతవన్నీ బంగారం అని నేననను. కూర్చుని చూస్తే గొప్పతనంతోపాటు లోపమూ కనబడుతుంది. 'మిస్సమ్మ'నే తీసుకోండి. చివరికి మేరీ తప్పిపోయిన జమీందారుగారి కూతురని తేలుతుంది. పెళ్లికి అడ్డం తొలగిపోతుంది. ఆమె మేరీగానే మిగిలిపోతే కథ ఏమయ్యేది? ఆ ప్రశ్న జోలికి సినిమా వెళ్లలేదు.

'గుండమ్మ కథ' (1962) చూస్తున్నప్పుడు ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. సరోజ పొగరు అణచాలని భర్త పేదవాడిగా నాటకమాడి ఆమెచేత ఒళ్లు వంచి పని చేయిస్తాడు కదా. "అబద్ధం చెప్పింది అతనైతే బుద్ధి రావాల్సింది ఆమెకెందుకమ్మా?" అంది. అత్తయ్యా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఇన్నేళ్లుగా మాకు రాని అనుమానం! అదే సినిమాలో సూర్యకాంతంగారి గుండమ్మను మాత్రం మేం ముగ్గురం వెనకేసుకొచ్చాం. ఆవిడ నోరు గయ్యాళిదే. కానీ మగదిక్కు లేని ఇంట్లో ఆస్తిని కాపాడుకుంటూ, తప్పుడు సలహాలు చెప్పే గంటయ్యలాంటి వాళ్ల మధ్య నెట్టుకొచ్చే మనిషికి ఆ నోరు కూడా లేకపోతే ఎలా?

'చివరకు మిగిలేది' (1960) చూశాక మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు. సావిత్రిగారు అందులో మానసిక చికిత్సాలయంలో నర్సు. రోగికి ప్రేమ దొరికితే నయమవుతుందని డాక్టర్లు ఆమెచేత ప్రేమను నటింపజేస్తారు. రోగులు నయమై వెళ్లిపోతారు. ఆమెకే మతి చలిస్తుంది. అందరికీ సేవ చేసే మనిషి మనసుకేమవుతుందో ఎవరూ అడగరు. ఈ ప్రశ్న ఆస్పత్రికే పరిమితం కాదని మీకు వేరే చెప్పాలా?

ఇలా మొదలుపెట్టండి

* రోజు, వేళ ఖాయం చేసుకోండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. "వీలైతే చూస్తాను" అంటే ఆ వీలు ఎప్పటికీ రాదు.

* మూడు గంటలు ఒక్కసారి కుదరకపోతే బాధపడకండి. సినిమావాళ్లే మధ్యలో 'విశ్రాంతి' ఇచ్చారు కదా! అక్కడ ఆపి మర్నాడు మిగతాది చూడండి. అంతేగానీ పదేసి నిమిషాల ముక్కలు చెయ్యకండి.

* యూట్యూబ్‌లో చాలా పాత సినిమాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. కొన్నిటిలో పాటలు, సీన్లు కత్తిరించి ఉంటాయి. నిడివి చూసుకోండి. 'మాయాబజార్' మూడు గంటల పైచిలుకు. రెండు గంటలే కనబడితే అది కోత పడ్డదన్నమాట.

* వీలైతే ఫోన్‌లో కాకుండా టీవీలో చూడండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

* పాటలు దాటవెయ్యకండి. ఆ రోజుల్లో కథ చాలా సార్లు పాటలోనే ముందుకు నడుస్తుంది.

* ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. సినిమా పేరు, సంవత్సరం, నచ్చిన సీను, నచ్చని సంగతి - నాలుగు వాక్యాలు చాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా జ్ఞాపకం చెబితే అదీ రాయండి. నా పుస్తకంలో సినిమాల కంటే అవే ఎక్కువైపోయాయి.

* వారం తప్పిందా? పండగలు, పరీక్షలు, చుట్టాలు... తప్పుతుంది. పై వారం రెండు చూసి లెక్క పూడ్చాలని హైరానా పడకండి. ఇది కూడా ఇంకో ఇంటి పని అయిపోతే ఇంక దేనికి?

పన్నెండు వారాలకు పన్నెండు

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ల కోసం ఈ వరస. కాలక్రమంలో చూస్తే తెరమీద ఆడదాని బతుకు ఎక్కడ మారిందో, ఎక్కడ మారలేదో మీకే తెలుస్తుంది.

మనదేశం (1949), మల్లీశ్వరి (1951), పెళ్లి చేసి చూడు (1952), మిస్సమ్మ (1955), కన్యాశుల్కం (1955), మాయాబజార్ (1957), చివరకు మిగిలేది (1960), గుండమ్మ కథ (1962), డాక్టర్ చక్రవర్తి (1964), మీనా (1973), శంకరాభరణం (1980), దాసి (1988).

రెండు మాటలు మాత్రం చెప్పాలి. బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి'లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన పాటలు, భానుమతి గొంతు సరే. కూతురు రాణివాసానికి వెళితే సిరి వస్తుందని ఆశపడే తల్లిని కూడా గమనించండి. పల్లకీ గుమ్మంలోకి వచ్చాక ఆ పిల్ల ఇష్టాన్ని అడిగేవాళ్లే ఉండరు.

చివరి సినిమా 'దాసి' మిగతావాటిలాంటిది కాదు. పాటలుండవు, నవ్వులుండవు. బి. నర్సింగరావు తీసిన ఈ సినిమా నిజాం కాలపు తెలంగాణలో, దొర గడీలో జరుగుతుంది. నగలు, సామానుతోపాటు పెళ్లికూతురి వెంట అరణంగా పంపే దాసి కథ. ఆమె కడుపులో బిడ్డ ఉండాలో వద్దో కూడా గడీయే తేలుస్తుంది. ఆ పాత్రకు అర్చన జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు. దీన్ని మాత్రం ఒంటరిగా చూడకండి, తర్వాత మాట్లాడుకోవడానికి పక్కన ఒక మనిషి కావాలి.

ఈ పన్నెండే చూడాలని లేదు. మీ ఊళ్లో, మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ప్రాణమైన సినిమా ఒకటి ఉంటుంది. అమ్మమ్మనో, పెద్దమ్మనో, పక్కింటి పిన్నిగారినో అడగండి. "నీకు బాగా గుర్తున్న సినిమా ఏది? ఎవరితో వెళ్లావు?" అని. జాబితా దానంతటదే తయారవుతుంది. ఆ వారం సినిమాకి వాళ్లనే పిలవండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వంటిల్లు ఒక పూట మూసేసినా ఇల్లు నడుస్తుంది.

మరి మీ మొదటి శనివారం ఎప్పుడు?